స్వస్థత పొందిన ప్రాణి ఎవరిది? సూరత్‌లో శుద్ధజాతి పిల్లుల రక్షణ, పునరావాసం

తాపీ నదీతీరంలోని సూరత్ తెలుగువారికి ప్రధానంగా మరమగ్గాల నగరంగా పరిచితం. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. జీవకారుణ్య సంస్థల చరిత్రను పరిశీలించేవారికి మాత్రం ఆ నగరం వేరొక కారణం వల్ల ముఖ్యమైనది. రోగగ్రస్తమైన, ముసలిదైన, యజమానికి పనికిరాకుండా పోయిన జంతువుకు ఆశ్రయమిచ్చే శాల ఒకటి 17వ శతాబ్ది నాటికే అక్కడ ఉన్నట్లు విదేశీ యాత్రికుల రచనల వల్ల తెలుస్తున్నది. నేడు మన నగరాలలో అటువంటి సేవ చేస్తున్న స్వచ్ఛంద కార్యకర్తల చేతికి ఆ పాత శాల ఎరుగని ప్రాణి ఒకటి వస్తున్నది. అది ధర పెట్టి కొని, తరువాత వద్దనుకొని విడిచిన శుద్ధజాతి పిల్లి. దానిని కాపాడి వేరొక ఇంటికి అప్పగించే పనిలో ఎదురయ్యే ప్రశ్నలలో కొన్ని కొత్తవి కావు. వినయ పిటకంలోను, అశోకుని శాసనాలలోను, సూరత్ శాల నియమాలలోను వాటి పూర్వరూపాలు కనిపిస్తాయి. ఈ వ్యాసం ఆ పని స్వరూపాన్ని వివరిస్తూ, ఆ ప్రశ్నలను ప్రాచీన ఆధారాల పక్కన ఉంచి పరిశీలిస్తుంది.

శుద్ధజాతి అనగా ఏమి?

వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు జాతిభేదాన్ని చర్చిస్తూ గడ్డి, వృక్షాలు, కీటకాలు, చతుష్పాదాలు, సర్పాలు, మత్స్యాలు, పక్షులు పుట్టుకతోనే వేర్వేరు లక్షణాలు కలిగి ఉంటాయని, మనుష్యులలో అట్టి జన్మసిద్ధమైన భేదం లేదని, వారిలోని భేదాలు కేవలం వ్యవహార నామాలని బోధించాడు. పిల్లుల విషయంలో నేడు మనం వాడే జాతి అనే మాట ఈ రెండింటిలో దేనికి చెందుతుంది? జీవశాస్త్రరీత్యా వీధిలో తిరిగే నాటు పిల్లి, మెత్తని దిండుపై పడుకొనే పర్షియన్ పిల్లి ఒకే జీవజాతి. వాటి భేదం మనుష్యులు జతలను ఎంచి కలపగా ఏర్పడినది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871 జూలైలో హారిసన్ వియర్ నిర్వహించిన ప్రదర్శనతో ఆధునిక పిల్లుల ప్రదర్శనలు ఆరంభమైనవని చెబుతారు. జాతి లక్షణాలను కొలతలుగా నిర్ణయించి, వంశపట్టికలు రాసి ఉంచే ఆచారం ఆ తరువాత స్థిరపడింది. అంటే పిల్లులలో శుద్ధజాతి అనే భావన వయస్సు సుమారు నూట యాభై సంవత్సరాలు.

ఆ భేదం వ్యవహారమాత్రమే అయినా దాని ఫలితం ప్రాణి దేహంపై నిజంగా పడింది. భారత నగరాలలో అధికంగా కనిపించే పర్షియన్ పిల్లినే తీసుకొందాం. ముఖం చదునుగా ఉండాలన్న కోరికతో తరతరాలుగా ఎంపిక చేయడం వల్ల దాని ముక్కురంధ్రాలు ఇరుకై శ్వాస కష్టమవుతుంది. కన్నీటి నాళాలు వంకరపోయి కళ్లు నిరంతరం కారుతుంటాయి. పొడవైన బొచ్చును రోజూ దువ్వకపోతే అది చిక్కులుపడి, అట్టలు కట్టి, కింది చర్మాన్ని లాగి పుండ్లు చేస్తుంది. మూత్రపిండాలలో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఈ జాతిలో విస్తృతంగా ఉన్నది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2004లో గుర్తించారు. తల్లిదండ్రులలో ఒకరికి ఆ దోషం ఉన్నా పిల్లలకు సంక్రమించే అవకాశం సగం మేర ఉంటుంది.

ఇట్టి ప్రాణిని సూరత్ వంటి ఉక్కపోత గల సముద్రతీర ప్రాంత నగరంలో వీధిలో విడిచిపెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అది వేటాడి ఎరుగదు. అక్కడ ముందే స్థావరం ఏర్పరచుకొన్న నాటు పిల్లులు దానిని తరిమివేస్తాయి. టీకాలు వేయించని పిల్లికి పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక అంటువ్యాధి సోకవచ్చు. విడిచిపెట్టే కారణాలు సాధారణమైనవే. కానుకగా వచ్చిన పిల్ల పెరిగి పెద్దదై రోజువారీ శ్రమ కోరుతుంది. వైద్యవ్యయం భారమవుతుంది. అద్దె ఇల్లు మారవలసి వస్తుంది. వ్యాపారం కోసం పిల్లలను కనిపించేవారి వద్ద, ఈతలు ఉడిగిన తల్లిపిల్లికి విలువ ఉండదు.

సూరత్ శాల నియమం

ఇటాలియన్ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే 1623లో సూరత్‌లో దిగి, అక్కడి నుండి ఖంబాయతు వెళ్లి, పక్షుల వైద్యశాలను చూశాడు. తల్లి లేని ఎలుక పిల్లలను పత్తిలో ఉంచి, ఒక వృద్ధుడు ఈకతో పాలు పడుతున్న దృశ్యాన్ని వర్ణించాడు. ఖొరాసాన్ ప్రాంతపు పొడవు బొచ్చు పిల్లుల గురించి పర్షియా నుండి రాసి, వాటిని ఐరోపాకు పరిచయం చేసినవాడుగా పేరు పొందినవాడు కూడా ఇతడే. పర్షియన్ పిల్లుల చరిత్ర, గుజరాత్ జంతుశాలల చరిత్ర ఒకే యాత్రికుని రచనలో ఈ విధంగా కలుసుకొన్నాయి.

1689లో సూరత్‌కు వచ్చిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్ అక్కడ ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలు మొదలైన వాటికి బనియాలు నడుపుతున్న శాలను పేర్కొన్నాడు. 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ శాలను చూసిన ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫోర్బ్స్ 1813లో ప్రచురించిన తన స్మృతులలో దాని నిబంధనలను సైతం నమోదు చేశాడు. ఎత్తైన గోడల నడుమ వేర్వేరు విభాగాలు ఉండేవి. తెచ్చిన యజమాని ఏ దేశస్థుడైనా, ఏ కులస్థుడైనా జంతువును తిప్పి పంపేవారు కాదు. అన్నిటికంటె గమనింపదగినది మరొక నియమం: కోలుకొన్న జంతువును యజమాని తిరిగి అడగడానికి వీలు లేదు. అది ఆజీవితం అక్కడే ఉండి, నడవలేని తోటి ప్రాణుల కోసం నీళ్లు తోడే పని చేయాలి.

ఫోర్బ్స్ పేర్కొన్న జంతువులలో గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు, గొర్రెలు, మేకలు, కోతులు, కోళ్లు, పావురాలు, డెబ్బై అయిదేళ్లుగా అక్కడే ఉన్నదని చెప్పిన ఒక ముసలి తాబేలు ఉన్నాయి. ఎలుకలకు, నల్లులకు ప్రత్యేకమైన గది ఉండేది. ఆ వరుసలో పిల్లి పేరు లేదు. ఎలుకలకు గది కట్టిన చోట పిల్లిని ఉంచడం ఎంత చిక్కో చెప్పనక్కరలేదు. భారతీయ సాహిత్యం కూడా పిల్లి పట్ల ఆదరం చూపలేదు. సంయుత్త నికాయంలోని బిళార సుత్తంలో అది చెత్తకుప్ప వద్ద ఎలుక కోసం కాచుకొని కూర్చున్న ఆశాపరునికి ఉపమానం. మామల్లపురం శిలాచిత్రంలో అది ఎలుకల ముందు దొంగ తపస్సు చేస్తుంది. మాంసాహారి అయిన ప్రాణికి అహింసావ్రతుల శాలలో చోటు ఎక్కడ అన్న ప్రశ్న ఆనాటి నుండి తెగకుండా మిగిలి ఉన్నది.

మనుష్య చికిత్సను, పశు చికిత్సను ఒకే వాక్యంలో చెప్పిన అశోకుని రెండవ శిలాశాసనం గుజరాత్‌లోని గిర్నార్ వద్ద, మన కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి వద్ద కూడా ఉన్నది. దాని నుండి సూరత్ శాలకు సూటిగా గీత గీయడం తొందరపాటు. మధ్యలో దాదాపు రెండు వేల సంవత్సరాలున్నాయి. సూరత్ శాలను నడిపినవారు ప్రధానంగా జైన, వైష్ణవ వర్తకులు. అయితే జంతువును ఆదుకోవడం వ్యక్తి దయకు మాత్రమే వదలక ఒక వ్యవస్థగా నిలపాలన్న ఆలోచన రెండు చోట్లా సమానం. ఆ వ్యవస్థ నేడు ఎదుర్కొనే ప్రశ్నలు నాలుగు.

మొదటి ప్రశ్న: స్వామిత్వం

వీధిలో దొరికిన శుద్ధజాతి పిల్లి విడిచిపెట్టబడినదా, తప్పిపోయినదా? దానిని తీసుకొనే హక్కు ఎవరికి ఉన్నది? వినయ పిటకంలో అదత్తాదానానికి సంబంధించిన రెండవ పారాజిక వివరణలో ఇటువంటి సందర్భం ఉన్నది. వేటగాని ఉచ్చులో చిక్కిన పందిని ఒక భిక్షువు కరుణతో విడిచిపెట్టి, తనకు దోషం అంటిందేమోనని కలత చెందాడు. కరుణాభిప్రాయంతో చేసినవానికి ఆపత్తి లేదని బుద్ధుడు నిర్ణయించాడు. అదే పని దొంగబుద్ధితో చేసినవానికి పారాజికం. చేసిన పని ఒకటే, నిర్ణయించేది చిత్తం.

స్వచ్ఛంద సంస్థకు మాత్రం చిత్తశుద్ధి ఒక్కటే చాలదు. అది ఇతరులకు కనిపించే సాక్ష్యం రూపంలో ఉండాలి. కాబట్టి పిల్లి దొరికిన వెంటనే మెడపట్టీ చూస్తారు. చర్మం కింద మైక్రోచిప్ ఉన్నదేమో యంత్రంతో పరీక్షిస్తారు. ఉంటే దానిలోని పదిహేను అంకెల సంఖ్య ద్వారా యజమానిని కనుగొనవచ్చు. దొరికిన ప్రాంతంలో ప్రకటన ఇచ్చి కొన్ని రోజులు వేచి ఉంటారు. ప్రకటనలో పిల్లి గుర్తులన్నీ వెల్లడించరు. తనదని వచ్చినవారు ఏదో ఒక గుర్తు చెప్పగలగాలి. ధర పలికే ప్రాణి కాబట్టి అబద్ధపు యజమానులు రావడానికి అవకాశం ఉన్నది. యజమాని స్వయంగా తెచ్చి ఇస్తే హక్కు వదులుకొంటున్నట్లు సంతకం తీసుకొంటారు. నాటి సూరత్ శాల తిరిగి అడగరాదన్న నియమం చేసిన పనినే నేడు ఈ పత్రం చేస్తున్నది.

చట్టం ఈ విషయంలో బలహీనం. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సహేతుక కారణం లేకుండా విడిచిపెట్టడం నేరం. అయితే మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయల వరకే. కుక్కల పెంపకం, విక్రయాలపై 2017లో ప్రత్యేక నియమావళి వచ్చింది గాని, పిల్లులను ఈనించి అమ్మే గృహాలు దాని పరిధిలోకి రావు.

రెండవ ప్రశ్న: ఆహారం

జీవి చేత జీవిని పోషించరాదని అశోకుని ఐదవ స్తంభశాసనం ఆదేశిస్తుంది. పిల్లి విషయంలో ఈ ఆదేశం కఠినమైన పరీక్ష. పిల్లి దేహం మాంసాహారానికే ఏర్పడింది. టారిన్ అనే పోషకాన్ని కుక్క తన శరీరంలో తయారుచేసుకొనగలదు. పిల్లి తగినంత చేసుకొనలేదు. అది జంతుకణజాలంలోనే సమృద్ధిగా లభిస్తుంది. దాని లోపం వల్ల పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో నిరూపితమైంది. దానివల్ల చూపు కూడా పోతుంది. పాలు అన్నం పెట్టి పిల్లిని సాకవచ్చునన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉన్నది. కాని పెరిగిన పిల్లులలో అనేకం పాలను జీర్ణించుకొనలేవు, విరేచనాలతో నీరసిస్తాయి.

శాకాహారం విస్తృతంగా పాటించే సూరత్‌లో ఇది నిత్యం ఎదురుకాగల సమస్య. శాసనంలోని వాక్యాన్ని దాని సందర్భంలో చదివితే కొంత వెలుగు లభిస్తుంది. దానికి ముందున్న వాక్యాలు ప్రాణులున్న ఊకను కాల్చరాదని, అకారణంగా గాని హింసకోసం గాని అడవులను తగులబెట్టరాదని చెబుతున్నాయి. మూడింటిలోను ప్రస్తావన సజీవ ప్రాణుల గురించి. ప్రాణంతో ఉన్నదానిని మరొకదానికి ఆహారంగా వేయడం ఇక్కడ నిషిద్ధమని అర్థం చేసుకొనడం సహజం. జీవక సుత్తంలో చెప్పిన త్రికోటి పరిశుద్ధి నియమం, అనగా తన కోసం చంపినట్లు చూడని, వినని, శంకించని మాంసానికి సంబంధించిన నియమం, భిక్షువు పాత్రకు ఏర్పడినదే గాని పిల్లి పళ్లేనికి కాదు. అయినా చంపించడానికి, లభించినదానిని వినియోగించడానికి మధ్య అది గుర్తించిన భేదం ఇక్కడ ఆలోచనకు సాయపడుతుంది.

ఆచరణలో పరిష్కారం సరళమైనది. టారిన్ చేర్చి తయారుచేసిన పొడి ఆహారాన్ని వాడి, వంటింటిలో మాంసం వండే అవసరం లేకుండా చేసుకొనవచ్చు. అది కూడా తమ ఇంట సమ్మతం కాదనుకొనే కుటుంబానికి పిల్లిని అప్పగించకూడదు. అందువల్ల ఆ ఇంటిని తక్కువ చేసినట్లు కాదు. వారు మందుల ఖర్చు భరించవచ్చు, వాహనం సమకూర్చవచ్చు, లెక్కలు రాయవచ్చు. తన వ్రతాన్ని ప్రాణి దేహంపై రుద్దకపోవడం కూడా అహింసలో భాగమే.

మూడవ ప్రశ్న: సంతాన నిరోధం

అదే ఐదవ స్తంభశాసనం కోడిపుంజులకు విత్తులు తీయరాదని, చాతుర్మాస్య పూర్ణిమలు, అష్టమి, చతుర్దశి వంటి నిర్ణీత తిథులలో ఎద్దులకు, మేకపోతులకు, పొట్టేళ్లకు, పందులకు విత్తులు కొట్టరాదని విధించింది. ఈ ఆధారంతో రక్షిత పిల్లులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడాన్ని ఆక్షేపించవచ్చా? భేదం ప్రయోజనంలో ఉన్నది. శాసనం అదుపు చేసినది మనుష్యుడు తన పనికోసం, మాంసం కోసం జంతువుకు నొప్పి కలిగించే ఆచారాన్ని. ఇక్కడ మత్తు ఇచ్చి పశువైద్యుడు చేసే చికిత్స ఆ జంతువు, దాని భావి సంతతి క్షేమానికి ఉద్దేశించినది. ఆడపిల్లి అయిదారు నెలల వయస్సులోనే ఎదకు రాగలదు. చూలు సుమారు తొమ్మిది వారాలు. ఏడాదిలో రెండు మూడు ఈతలు సాధ్యం.

శుద్ధజాతి పిల్లుల విషయంలో మరొక కారణం కూడా ఉన్నది. పిల్లలు కనగలిగిన పర్షియన్ పిల్లి వ్యాపారి దృష్టిలో పెట్టుబడి. దయాళువైన గృహస్థునివలె వచ్చి, ఉచితంగా దత్తత తీసుకొని, ఈనించి అమ్ముకొనేవారు ఉంటారు. శస్త్రచికిత్స అయిన పిల్లిని కోరేవారు దాని సాహచర్యాన్నే కోరుతున్నారని నమ్మవచ్చు. అందుచేత చికిత్స పూర్తయిన తరువాతనే అప్పగించడం రక్షణ సంస్థల దృఢమైన నియమం. చదునుముఖం గల పిల్లులకు మత్తు ప్రమాదం కొంత అధికం గనుక ముందుగా గుండె, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి.

నాలుగవ ప్రశ్న: అప్పగింత

అంగుత్తర నికాయంలోని వణిజ్జా సుత్తం ఉపాసకుడు చేయరాని అయిదు వ్యాపారాలలో ప్రాణుల వ్యాపారాన్ని చేర్చింది. అట్ఠకథ దానిని మనుష్య విక్రయంగా వివరించింది. ఆ సంకుచితార్థాన్ని అంగీకరించినా, సొమ్ముకు మారిన ప్రాణి తన విలువను సొమ్ముతోనే కోల్పోతుందన్నది విడిచిపెట్టబడిన ప్రతి జాతిపిల్లి విషయంలోను కనిపించే సత్యం. కాబట్టి రక్షణ సంస్థ తీసుకొనే దత్తత రుసుము ధర కాకూడదు. అది టీకాలకు, చికిత్సకు అయిన వ్యయంలో ఒక భాగం మాత్రమే. పిల్లి ఏ జాతిదైనా ఆ రుసుము ఒకటిగానే ఉండడం ఉత్తమం. నాటు పిల్లికి తక్కువ, పర్షియన్ పిల్లికి ఎక్కువ అని నిర్ణయించిన నాడు సంస్థ కూడా అంగడిగా మారుతుంది.

అప్పగింతకు ముందు జరిగే పని క్రమం ఇది. కొత్తగా వచ్చిన పిల్లిని సుమారు రెండు వారాలు వేరుగా ఉంచుతారు. అట్టలు కట్టిన బొచ్చును తీసివేస్తారు; తామర వంటి చర్మవ్యాధులకు, పురుగులకు చికిత్స చేస్తారు; టీకాలు వేస్తారు; రక్తపరీక్ష ద్వారా అంటువ్యాధులు లేవని నిర్ధారిస్తారు. తరువాత పెద్ద శాలలో కాక, ఒక కార్యకర్త ఇంట్లో తాత్కాలికంగా ఉంచుతారు. గుంపుగా ఉంచిన పిల్లులు బెదిరి, ఒకదాని నుండి మరొకదానికి జలుబు వంటి శ్వాసకోశ వ్యాధులు అంటించుకొంటాయి. ఇంటిలో ఉన్నప్పుడే దాని స్వభావం తెలుస్తుంది: పిల్లలను సహిస్తుందా, ఒంటరిగా ఉండగలదా, కొరుకుతుందా అన్నది దాచకుండా కొత్తవారికి చెప్పవలసిన విషయం. దత్తత కోరినవారి ఇంటిని చూసి కిటికీలకు వల ఉన్నదో లేదో పరిశీలిస్తారు. ఒప్పంద పత్రంలో రెండు నిబంధనలు తప్పనిసరి: పిల్లిని అమ్మరాదు, ఉంచుకొనలేని పరిస్థితి వస్తే వీధిలో విడువక సంస్థకే తిరిగి ఇవ్వాలి. బ్రిటన్‌లో 1927లో ఏర్పడిన క్యాట్స్ ప్రొటెక్షన్ వంటి సంస్థలు ఇట్టి స్వచ్ఛంద కుటుంబాల అల్లికపైనే ఆధారపడి పెరిగాయి. సూరత్‌లో ఉత్తరాయణ వేళ గాలిపటాల దారానికి గాయపడిన పక్షులను చేరదీసే కార్యకర్తల వ్యవస్థ ఇప్పటికే ఉన్నది. పిల్లుల పునరావాసానికి కూడా అట్టి పునాదే కావాలి.

ఇక్కడ పాత నియమానికి, కొత్త పద్ధతికి గల తేడా స్పష్టమవుతుంది. సూరత్ శాల జంతువును ఎవరికీ తిరిగి ఇవ్వలేదు. దుర్వినియోగం చేసిన చేతికి మళ్లీ చిక్కకుండా అది ఇచ్చిన అభయం సంపూర్ణం. అయితే ఎవరినీ తిప్పి పంపరాదు, ఎవరినీ బయటికి పంపరాదు అన్న రెండు నియమాలూ కలిస్తే ఏ శాలైనా నిండిపోక తప్పదు. ఎద్దుకు పెద్ద ఆవరణ చాలు. మనిషి స్పర్శకు అలవాటుపడిన పిల్లికి ఇల్లు కావాలి. నేటి పద్ధతి మొదటి యజమానికి తలుపు మూసి, పరీక్షించిన రెండవ ఇంటికి తెరుస్తుంది. తిరిగి ఇచ్చే నిబంధన ద్వారా అభయాన్ని ఆ ప్రాణి జీవితాంతం నిలుపుతుంది.

విహారాల పాత్ర

విహారాల వాకిట పిల్లులను, కుక్కపిల్లలను విడిచివెళ్లడం అనేక చోట్ల జరిగే పని. దీఘ నికాయంలోని శీలస్కంధం భిక్షువు మేకలు, గొర్రెలు, కోళ్లు, పందులు, ఏనుగులు, ఆవులు, గుర్రాలను ప్రతిగ్రహించరాదని చెబుతుంది. పిల్లి పేరు అక్కడ లేకపోయినా ఆంతర్యం తెలుస్తూనే ఉన్నది: ప్రాణి భిక్షువు సొత్తు కారాదు. అలాగని ఆకలితో ఉన్నదానిని విడిచిపెట్టమని దాని అర్థం కాదు. శాతవాహన రాజుకు రాసినదిగా సంప్రదాయం చెప్పే రత్నావళిలో ఆచార్య నాగార్జునుడు చీమలకు, కుక్కలకు, పక్షులకు సైతం ఆహారం ఏర్పాటు చేయాలని, ఆ పనికి దయగలవారిని నియమించాలని ఉపదేశించాడు. నియమించాలన్న మాట ముఖ్యమైనది. రాజు ఒక్కడే తిండి పెట్టడం కాదు, ఆ పని చేసే మనుష్యులను నిలపడం. విహారం కూడా పిల్లులను పోగుచేసుకొనే చోటుగా మారనక్కరలేదు. ఉపాసకులలో తాత్కాలికంగా ఆశ్రయమివ్వగల అయిదారు కుటుంబాలను గుర్తించి, ఒక పశువైద్యునితో ముందే మాట్లాడి ఉంచితే, వాకిట దొరికిన ప్రాణి ఆ సాయంత్రమే ఒక ఇంటికి చేరుతుంది. ఆ ఇంటి నుండి అది తన స్థిరమైన ఇంటికి వెళ్లిన రోజున, తరువాత వచ్చే పిల్లికి అక్కడ చోటు ఏర్పడుతుంది.